దగ్గని ఇల్లు

పోయిన శుక్రవారం మా అపార్ట్‌మెంటు మూడో అంతస్తులోకి కొత్తగా దిగిన కోడలుపిల్ల, పాలు పొంగించి, వచ్చినవాళ్ళను సాగనంపి, ఇంటికి దిష్టి తీద్దామని ఎండుమిరపకాయలూ రాళ్ళ ఉప్పూ మూడుసార్లు తిప్పి కాలిన పెనం మీద వేసిందట. మరుక్షణం వంటింటి కప్పుకు బిగించిన పొగ గంట గొంతు చించుకుని అరవడం మొదలుపెట్టింది. వాచ్‌మన్ ఇసుక బకెట్టుతో మెట్లెక్కాడు, పై అంతస్తుల వాళ్ళు కొంగులు మూతికి అడ్డం పెట్టుకుని దగ్గుతూ దిగారు, ఆ పిల్ల సిగ్గుతో గుమ్మంలో నిలబడిపోయింది. అంత గోలలోనూ మా పక్కింటి పెద్దామె మాత్రం కళ్ళు తుడుచుకుంటూ, ఇంత ఘాటు వచ్చిందంటే ఇంటికి దిష్టి లేనట్టే, మంచిదే అని తృప్తిపడింది. నాకు నవ్వు ఆగలేదు. తర్వాత నవ్వు పోయి మెట్ల మీద కూర్చున్నాను. ఆ గంట దగ్గినంత గట్టిగా యాభై ఏళ్ళ కిందట కోయంబత్తూరులో మా పీళమేడు ఇంట్లో ఇంకొక్కరు దగ్గి ఉంటే, మా వదిన మీద అంత నింద పడి ఉండేది కాదు.

మీలో నా ఈడువారికి కోయంబత్తూరు ఫౌండ్రీలు గుర్తుండే ఉంటాయి. మా తాత పత్తిచేలు వదిలి ఇనుములో దిగాడు. మా నాయన కాలానికి బావులకు బిగించే పంపులను పోతపోసే కార్ఖానా ఇంటి వెనకే, ఒక గోడ అవతల ఉండేది. వారానికి మూడు రోజులు పోత. ఆ రోజు కుపోలా అనే నిలువు కొలిమిని అంటించగానే మా అవ్వ హారతి పళ్ళెంతో పెరట్లోకి వచ్చి పొగగొట్టం వైపు తలెత్తి చూసేది. పొగ నల్లగా, దట్టంగా లేస్తే కళ్ళకద్దుకుని, మబ్బు మన ఇంట్లోనే పుడతాది అని మురిసిపోయేది. వానకోసం ఆకాశం వంక చూసి బతికిన రైతుల బిడ్డ ఆమె. నల్లపొగ అంటే పూర్తిగా కాలని బొగ్గు పైకి పోవడమేనని ఆమెకు ఎవరు చెప్పాలి? నేను చెప్పాను. పదిహేడేళ్ళ వయసులో, పట్టణంలో కాలేజీకి పోతూ, సాయంత్రాలు వాదసభల్లో అరవంలో గొంతు చించుకుంటూ, దయ్యాన్నీ జాతకాన్నీ ఒకే ఊపులో కడిగేస్తూ తిరిగేదాన్ని. సభలో చప్పట్లు కొట్టించుకోవడం తేలిక. ఇంట్లో తెలుగులో అవ్వతో నెగ్గడం కష్టం.

ఆ కాలేజీ ప్రయోగశాలలోనే ఒక సంగతి జరిగింది. రాగి ముక్కల మీద గంధకామ్లం పోసి వేడిచేసి గంధక వాయువు పట్టించే రోజు. గొట్టంలోంచి వాయువు కాస్త తప్పించుకోగానే తరగతి తరగతంతా బయటికి పరుగెత్తింది, పంతులమ్మతో సహా. నేను ఒక్కదాన్నే నింపాదిగా నిలబడి నా సీసా నింపుకున్నాను. వాసన నాకు కొత్తగా అనిపించలేదు, మా పెరటి వాసనే అది. పంతులమ్మ తిరిగొచ్చి నా ధైర్యాన్ని అందరి ముందూ మెచ్చుకుంది. నేనూ దాన్ని ధైర్యమే అనుకున్నాను.

మా అన్నకు కారమడై వైపు పల్లె పిల్లను చేశారు. అరటితోటల్లో పెరిగిన మనిషి, నవ్వితే వీధి చివరికి వినిపించేది. వచ్చిన ఆరు నెలలకు దగ్గు పట్టుకుంది. మార్గళి నెల, అంటే ధనుర్మాసం, వచ్చేసరికి మెట్టెక్కితే ఆయాసం, పడుకుంటే పిల్లికూతలు. పుట్టింటికి పంపితే పది రోజుల్లో తేరుకునేది, తిరిగి రాగానే మొదలు. డాక్టరు మందిచ్చి గాలి మార్చమన్నాడు. అవ్వ మాత్రం తన పద్ధతిలో ప్రతి ఆదివారం పొద్దువాలే వేళ వదినను వాకిట్లో కూర్చోబెట్టి మిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేసేది. ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టు, వస్తే లేనట్టు, ఇది మీకూ తెలిసిన శాస్త్రమే. మా ఇంట్లో ఎన్ని కాయలు వేసినా ఎవరికీ ఘాటు తగిలేది కాదు. వదిన ఒక్కతే దగ్గేది. ఆమె దగ్గు రోగపు దగ్గు కనుక లెక్కలోకి రాదన్నారు! వారం వారం ఇదే తీర్పు. చివరికి అవ్వ నోట, ఈ ఇల్లు ఆ పిల్లకు కలిసిరాలేదు, పుట్టింట్లో దింపేసి వాడికి ఇంకో సంబంధం చూద్దాం అనే మాట వచ్చింది. మా అన్న తల వంచుకుని విన్నాడు. ఆ వంచిన తలను నేను ఇప్పటికీ క్షమించలేదు.

నాకు తెలిసిన చదువంతా తెచ్చి వాళ్ళ ముందు పోశాను. కోక్ బొగ్గులో గంధకం ఉంటుంది. కొలిమిలో కొంత ఇనుములోకీ కొంత దాని మీద తేలే చిట్టెంలోకీ పోగా మిగిలింది కాలి వాయువై పైకి లేస్తుంది. చలికాలం పొద్దున కొండల మీంచి దిగిన చల్లగాలి నేలను కరుచుకుని ఉంటే దాని మీద వెచ్చని గాలి కుండ మీద మూతలా కూర్చుంటుంది. లేచిన పొగ ఆ మూతకు తగిలి మన వాకిట్లోకే దిగుతుంది. మంచుతడిలో కలిసి ఆమ్లమవుతుంది. ఏటా వేసే సున్నం ఏటా పొక్కులు పొక్కులుగా రాలిపోతున్నది ఉప్పునీళ్ళ వల్ల కాదు, ఆ ఆమ్లం సున్నాన్ని తిని జిప్సం పిండి చేస్తున్నందువల్ల. గోడ గతి అదైతే మెత్తని ఊపిరితిత్తుల గతేమిటి? మేడ మీద పళ్ళెంలో పట్టిన మంచునీటిని మందారపు రేకల కషాయంలో పోసి చూపించాను. ఊదారంగు నీరు కళ్ళముందే ఎర్రబడింది. అవ్వ ఆ గిన్నెను అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టింది.

“సుమ్మా ఊరకుండవే. మందారపువ్వు నీ మాట ఇంటాదని మేమూ ఇనాలనా?”

ఆమె మాటలో న్యాయం లేకపోలేదు. పుట్టింటికి పోతే తేరుకుంటుందన్న ఒక్క నిజం నా వాదానికీ సరిపోయింది, అవ్వ వాదానికీ సరిపోయింది. పొగ అని నేనన్నాను, ఇల్లు కలిసిరాలేదని ఆమె అంది. రెండింటినీ వేరుచేసే పరీక్ష కావాలి. అది దొరికేలోపే వదిన తండ్రికి కబురు వెళ్ళిపోయింది.

ఆయన ఆదివారం మధ్యాహ్నం వచ్చాడు. పంచె పైకి కట్టిన పొడుగాటి రైతు, భుజం మీద అరటిగెల. కూతురి పెట్టె అప్పటికే వాకిట్లో ఉంది. పంపేముందు చివరిసారిగా దిష్టి తీస్తానని అవ్వ నిప్పులు తెప్పించింది. అప్పుడు నాకేమి పట్టిందో, ఆమె చేతిలో మిరపకాయలు లాక్కుని, వదినను వదిలి, వాకిట్లో ఉన్న రుబ్బురోలు చుట్టూ మూడుసార్లు తిప్పి నిప్పుల్లో వేశాను. పొగ లేచింది. వదిన దగ్గింది, అది ఎలాగూ లెక్కలో లేదు. నాయన, అన్న, అవ్వ, నేను, అందరం రాళ్ళలా కూర్చున్నాం.

“ఘాటు తగిలిందా అవ్వా? తగల్లేదు కదా. రోటికి ఎవురి కణ్ణు పడింది?”

అవ్వ రెప్ప వాల్చలేదు.

“పడదా మరి? మా అత్త ఇచ్చిన రోలు అది. వీధిలో సగం మందికి దాని మిందదా కణ్ణు!”

నాయన కూడా నవ్వేశాడు. నేను ఓడిపోయాననే అనుకున్నాను. నమ్మకంతో తర్కానికి దిగితే ఇదే గతి. దానికి ఏ ప్రశ్నకైనా జవాబుంటుంది. కానీ ఆ నవ్వు ముగిసేలోపే వెనక నుంచి పెద్ద దగ్గు వినపడింది. వదిన తండ్రి. అరటిగెల కింద పడేసి, స్తంభం పట్టుకుని, కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుంటే వంగి వంగి దగ్గుతున్నాడు.

“అమ్మయ్యా! ఏందిది, ప్రాణం పోతాండాది! మీరంతా ఎట్ల కూసోనుండారు ఈడ? మీకు ముక్కులుండాయా లేదా?”

ఆ మాటకు ప్రయోగశాలలో నేను ఒక్కదాన్నే నిలబడ్డ రోజు గుర్తొచ్చింది. అది ధైర్యం కాదు! మా గొంతులు మొద్దుబారిపోయాయి, మా ముక్కులు చచ్చిపోయాయి. మిరపకాయలో ఘాటు ఉంది, నిప్పులో పొగ ఉంది, దగ్గవలసిన మనుషులే లేరు. వారం వారం దిష్టి అని మేము చదివిన తీర్పు మా రోగానికి సాక్ష్యం. ఆ ఇంట్లో ఆరోగ్యంగా మిగిలిన గొంతు ఒక్కటే, వదినది; దాన్నే ఇంట్లోంచి గెంటబోతున్నాం. ఈ మాటలన్నీ నేను అరిచాను, సభలో అరిచినట్టే. అవి ఎవరికి ఎక్కాయో తెలియదు. మా నాయనకు మాత్రం ఎక్కనక్కరలేకపోయింది.

ఆయన ఆరో తరగతి దాటలేదు గానీ కరిగిన ఇనుము రంగు చూసి అది పోతకు పండిందో లేదో చెప్పగలిగిన మనిషి. చూసినదాన్ని కాదనే అలవాటు లేనివాడు. లేచి కోడలి దగ్గరికి వచ్చి, ఆమె జడలోని మల్లెపూల దండ అడిగి తీసుకున్నాడు. ముక్కుకు ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. ఇంకోసారి గట్టిగా పీల్చాడు. చివరికి అవ్వ వైపు తిరిగి, చిన్నపిల్లవాడిలా అన్నాడు.

“నాకేమీ తెలీలేదుమా.”

అవ్వ దండ అందుకుని తానూ వాసన చూసింది. దండను వదినకు తిరిగిచ్చి, నిప్పుల మీద నీళ్ళు చల్లింది. 

పెట్టె లోపల పెట్టమన్నాడు నాయన. అప్పుడు లేచింది మా వదిన. ఆయాసంతో ఒక్కొక్క మాట కూడదీసుకుంటూ, అత్తింట్లో అంతవరకు పెద్దగా నోరెత్తని మనిషి అన్న మాట నేను విన్న ఉపన్యాసాలన్నిటికన్నా గొప్పది.

“నేను పోతాను మామా. మీరు పంపిస్తే కాదు, నేనుదా, నాయంతట నేనే పోతాను. చిమ్నీకి తొప్పి పెట్టండి. పెట్టినాక వచ్చి చూస్తా, దగ్గు రాకపోతే ఉంటా.”

తన పెట్టె తానే తండ్రికి అందించి వెళ్ళిపోయింది. శకునం బాగోలేదని పంపబోయిన కోడలు, ఇంటికే షరతు పెట్టి గడప దాటింది.

తొప్పికి నాలుగు నెలలు పట్టింది. రేకుతో పొగగొట్టానికి గొడుగులాంటిది చేసి, పొగ నేరుగా పైకి పోకుండా మళ్ళించి, దారిలో సున్నం కలిపిన నీటి తెరను దాటించారు. ఆ నీళ్ళను తోడింది మా పంపే. గోడను తిన్న ఆమ్లం ఇప్పుడు తొట్టిలోనే సున్నాన్ని తినసాగింది. మసి నీళ్ళలో దిగింది. గాలి కొట్టే పద్ధతి సరిచేసేసరికి నల్లపొగ పలచబడింది, బొగ్గూ తక్కువ పట్టింది. చుట్టుపక్కల కార్ఖానాలవాళ్ళు మా నాయనను చూసి, నాయుడు కొలిమికి స్నానం చేయిస్తున్నాడని నవ్వారు. వదిన వచ్చింది, వాకిట్లో నిలబడి గుండెలనిండా పీల్చింది, పోత ముగిసేదాకా అక్కడే కూర్చుంది, ఆ తర్వాతే పెట్టె లోపలికి పంపింది. ముప్పై ఏళ్ళు ఆ ఇల్లు ఏలింది. పిల్లికూతలు పూర్తిగా పోలేదు, చలికాలం ప్రతిసారీ వచ్చి పలకరించేవి.

ఇక్కడ ఆపితే నేను గెలిచిన కథ అవుతుంది. అబద్ధమవుతుంది. సున్నపునీటికి చిక్కని వాయువు ఒకటుంది, కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు, నెత్తురులోకి దూరి ప్రాణవాయువు చోటు ఆక్రమిస్తుంది. కొలిమి పక్కన సగం ఎత్తులో కట్టిన మెట్టు మీద నిలబడి రోజంతా బొగ్గూ ఇనుమూ పోసే మనిషి ఒకాయన ఉండేవాడు. పోత నడుమ దిగివచ్చి తల పట్టుకుని కూర్చునేవాడు. పైత్యం అనేవాళ్ళు, నిమ్మకాయ నీళ్ళిచ్చేవాళ్ళు. రసాయనశాస్త్రం చదివిన నేను కూడా పైత్యమనే అన్నాను. ఒకరోజు మెట్టు మీంచి పడ్డాడు, ఊరికి పంపేశారు, ఎవరూ తిరిగి పిలవలేదు. ఆయనకు ఎవరూ దిష్టి కూడా తీయలేదు. నా వాదమంతా మా గడప లోపలి గొంతుకోసం. గడప బయటి గొంతు నాకు వినిపించలేదు. మొద్దుబారినవి ముక్కులు మాత్రమే కాదని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఆ తర్వాత పొగ గురించి పత్రికలకు నేను రాసిన ప్రతి వ్యాసమూ ఆయనకు పడిన బాకీయే.

ఇప్పుడు ఆ కార్ఖానా లేదు. ఫౌండ్రీలు సూలూరు దాటి ఊరి బయటికి పోయాయి; పొగ తగ్గిందంటారు, నేను చిరునామా మారిందంటాను. ఇక్కడ మిగిలింది బండ్ల పొగ, జనరేటర్ల పొగ, ఖాళీ స్థలంలో పొద్దున్నే కాల్చే ప్లాస్టిక్ చెత్త. చెత్త కాల్చవద్దని నేను ఫిర్యాదు చేస్తే, పెద్దావిడకు పొద్దుపోవడం లేదని మెట్ల దగ్గర చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి. రుబ్బురోలుకు దిష్టి తీసినదాన్ని, వీళ్ళకు వెనక్కు తగ్గుతానా? ఒక్క దిగులు మాత్రం ఉంది. అప్పటి పొగకు ఒక ముఖం ఉండేది. తలెత్తితే కనిపించేది, ఎవరిదో తెలిసేది, వాకిట్లో నిలబెట్టి తగవు పెట్టుకోగలిగేవాళ్ళం. ఇప్పటిది ఫోనులో గాలి మంచిచెడ్డలు చెప్పే ఒక అంకె. ఎర్రగా ఉంటే అయ్యో అంటారు, పక్కకు తోసి ఇంకొకటి చూస్తారు.

అందుకే నేను ఏటా మార్గళి మొదటి ఆదివారం మేడ మీదికి పోయి, మూకుట్లో నిప్పులు పెట్టుకుని, దేని చుట్టూ తిప్పకుండా ఒక ఎండుమిరపకాయ వేస్తాను. నా ముక్కు ఇంకా నాదేనా అని చూసుకోవడానికి. ఈ ఏడు దగ్గు రావడానికి మునుపటికన్నా కాస్త ఎక్కువసేపు పట్టింది. ఒంటరిగా, నిప్పుల మీదికి వంగి, ఎదురుచూశాను. వచ్చింది. కళ్ళనీళ్ళు తుడుచుకుని, కిందికి దిగి, చెత్త కాలుస్తున్న చోటికి నడిచాను.