సలహాకు విరుద్ధంగా

మా అక్క ఆసుపత్రి మార్చురీలో అటెండరు. ఇరవై ఆరేళ్ళుగా అదే గది, అదే స్టీలు బల్ల. శవాలను కడగడం, బట్ట చుట్టడం, కాలి బొటనవేలికి చీటీ కట్టడం, వచ్చినవాళ్ళ చేత సంతకం పెట్టించుకుని అప్పగించడం ఆమె పని. ఆసుపత్రిలో అందరూ ‘చల్లగది అక్క’ అంటారు. చల్లదనమంతా గదిలోనే ఉంది లెండి. మనిషికి కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది.

అలాంటి మనిషి నలభై ఎనిమిదో ఏట మతాల మీద డిగ్రీ చదువుతానని కాలేజీలో చేరింది. “ఈ వయసులో నీకెందుకక్కా ఈ తంటా?” అని నెత్తీ నోరూ బాదుకున్నాను. “అన్ని మతాలవాళ్ళూ చివరికి నా బల్ల దగ్గరికే వస్తున్నారు. వాళ్ళ సంగతేంటో నాకు తెలియొద్దూ?” అంది. పెద్ద డాక్టరు వారానికి రెండు మధ్యాహ్నాలు వదలడానికి ఒప్పుకున్నాడు. కాకపోతే ఒక్క పేపరు తప్పినా ఆ మధ్యాహ్నాలు రద్దన్నాడు. మధ్యాహ్నాలు పోతే చదువు అక్కడితో సరి.

మొదటి ఏడు గట్టెక్కింది. రెండో ఏడాదిలో ఏడు ఎలక్టివ్‌లలో రెండు ఎంచుకోవాలి. ఎలక్టివ్ అంటే మనకు నచ్చింది చదువుకోవడమని అక్క నమ్మింది. పిచ్చిది.

నేను దర్జీని. ఒక రోజు నా కుట్టుమిషను మీద ఆ ఫారం పెట్టి, చదివి చూడమంది. తను ఎంచుకున్న రెండింటిలో మొదటిది ‘మతం, ఆహారం’. బాగానే ఉంది. రెండోది చూడగానే నాకు ఒళ్ళు మండింది. ‘పాత లిపిలో ప్రార్థనా పాఠాలు.’ పోయినేడు తొమ్మిది మంది తీసుకుంటే ఐదుగురు తప్పారని అక్కే ఒకసారి చెప్పింది. గట్టెక్కిన నలుగురూ ప్రార్థనలు చేయించే ఇళ్ళ పిల్లలే. తాతల ఒళ్ళో కూర్చుని ఆ లిపి దిద్దినవాళ్ళు.

“ఇదిగో, ‘మరణ సంస్కారాలు’ ఉంది కదా! నువ్వు నిద్రలో రాసినా ఫస్టు క్లాసు.”

“నిద్రలో రాసేదానికి నిద్ర మానుకుని చదవడం ఎందుకే?” అంది.

పట్టిందంటే వదిలే రకం కాదు. ఫారం ఇవ్వాల్సిన చివరి రోజు కొట్టు మూసి నేనూ వెంట వెళ్ళాను. ఫారం మీద కోర్సుల సలహాదారు సంతకం ఉండాలట. ఆయన చేతనైనా చెప్పించి మాన్పిద్దామని నా ఎత్తు. దాచడమెందుకు, ఆయన తరఫునే వెళ్ళాను.

ఆయన గదిలో బల్లకు ఇవతల రెండు కుర్చీలున్నాయి. ఒకదాని మీద జవాబు పత్రాల కట్టలు. ఇంకో దాంట్లో అక్క కూర్చుంది, నేను గోడకు ఆనుకున్నాను. ఒక్క పేపరు తప్పినా మధ్యాహ్నాలు రద్దన్న డాక్టరు షరతు నేనే ముందుగా ఆయనకు చెప్పేశాను. ఆయన ఫారం చూసి, ఎంతో మంచిగా నవ్వాడు.

“చూడమ్మా, ఒక్కొక్కరికి ఒక్కో బలం. మీ బలం అనుభవం. ఈ లిపులూ అవీ మీలాంటివాళ్ళకి కష్టం.”

“మాలాంటివాళ్ళంటే ఎలాంటివాళ్ళు సార్?”

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “అంటే... పని చేసుకునేవాళ్ళు.”

“మరి మీరు ఇక్కడ పని చెయ్యరా?”

నాకు నవ్వొచ్చి గోడ వైపు తిరిగాను. ఆయనకు మాత్రం చిర్రెత్తింది. “అసలు ఆ లిపితో మీకేం పనమ్మా?” అన్నాడు.

 అప్పుడు చెప్పింది అక్క, ఎప్పుడూ నాకు కూడా చెప్పని సంగతి.

“ఆరేళ్ళ కిందట ఒక ముసలాయన్ని తెచ్చారు. ఆయన కోసం ఎవరూ రాలేదు. చొక్కా జేబులో ఒక కాగితం, మడతల దగ్గర అరిగిపోయి ఉంది. ఈ లిపే. ప్రార్థనై ఉంటుందనుకుని, ఆ లిపి వాడే మతంలో ప్రార్థన చెప్పేవాళ్ళకి మూడుసార్లు ఫోన్ చేశాను. ఎవరో తెలియనివాడికి రామన్నారు. ఎవరో ఒకరు నిలబడాలి కదా సార్? నేనే ఆ కాగితం రెండు చేతుల్తో పట్టుకుని ఆయన తల దగ్గర నిలబడ్డాను. చదవడం రాదు, ఊరికే చూస్తూ నిలబడ్డాను. తర్వాత గుండెల మీద పెట్టి బట్ట చుట్టాను. పోయినేడు క్లాసులో మాస్టారు బోర్డు మీద ఆ అక్షరాలు రాశారు. వాటికి గీత పైన ఉంటుందట. ఆ రోజు నేను పట్టుకున్నప్పుడు గీతలన్నీ కిందున్నాయి. తలకిందులుగా పట్టుకున్నాను సార్. తలకిందులుగానే పెట్టి పంపించేశాను.”

 ఆయన మెత్తబడ్డాడు.

“తెలియక జరిగిందమ్మా. దానికి మిమ్మల్ని ఎవరూ తప్పు పట్టరు.”

“నేను పట్టాను.”

“ఫెయిలైతే డిగ్రీ మొత్తం ఆగిపోతుంది. ఆలోచించుకోండి.”

“ఆగనివ్వండి. ఏది పైనో, ఏది కిందో తెలిసే ఫెయిలవుతాను.”

ఆయన నిట్టూర్చి, తాను మాత్రం సిఫార్సు చెయ్యలేనని ఫారం వెనక్కి తోశాడు. అక్క లేవలేదు. ఫారం ఆ చివరి నుంచి ఈ చివరికి చదివింది. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఒక వాక్యం దొరికింది: ‘సలహాదారు సలహాకు విరుద్ధంగా, నా సొంత బాధ్యతపై ఎంచుకుంటున్నాను.’ పక్కన ఖాళీ గడి. దాని కింద సాక్షి సంతకానికి చోటు.

“ఆ గడి ఎవరూ వాడరమ్మా,” అన్నాడాయన.

“మరి ఎందుకు పెట్టారు?” అంటూ అక్క టిక్కు పెట్టింది. పెన్ను కాగితంలోకి దిగబడింది.

సాక్షి లేకపోతే అది చెల్లదు. ఆయన ఆశగా నా వైపు చూశాడు. “మీరైనా నచ్చచెప్పండమ్మా. చేతిలో ఉన్న చదువు పోగొట్టుకుంటారా?”

సరిగ్గా ఆ మాట చెప్పడానికే నేను కొట్టు మూసుకుని వచ్చాను. అక్క నా వైపు చూడలేదు, బతిమాలలేదు. పెన్ను మాత్రం బల్ల అంచున పెట్టింది.

తీసుకున్నాను. సంతకం చేశాను. సంబంధం అన్న చోట ‘చెల్లెలు’ అని ఆయనకు అటు నుంచి కూడా కనబడేంత పెద్దగా రాశాను.

“ఫారాలు తీసుకునే కౌంటరు ఐదింటిదాకా తెరిచే ఉంటుంది కదా సార్?” అన్నాను.