ఎర్రగడి ఎవరు తీశారు?

ఎర్రగా ఉండాల్సిన గడిని పచ్చగా మార్చారు. బెల్టు మీద నా మనిషి ఉండగా మార్చారు.

అది 2003. విశాఖ రేవు పక్కన, ఓడల నుంచి దించిన బొగ్గును బెల్టుల మీద యార్డుకు చేర్చే ఒక ప్రైవేటు కంపెనీలో నేను మెకానికల్ మేస్త్రిని. బడిలో చదివింది అయిదో తరగతి. ఇంగ్లీషు మాత్రం బేరింగుల కేటలాగులు, గ్రీజు డబ్బాల మీది అక్షరాలు చూసి నేర్చుకున్నాను. అందుకే కంప్యూటర్ బోర్డు వచ్చినప్పుడు మా వాళ్లు భయపడ్డారు గానీ నేను భయపడలేదు.

అంతకుముందు వర్క్‌షాపులో ఒక నల్లబల్ల ఉండేది. ఏ బెల్టు ఆగిందో, ఎందుకు ఆగిందో సుద్దతో రాసేవాళ్లం. ఓడలు ఆగే జెట్టీ దగ్గరి వాళ్లకు ఆ సంగతి తెలియాలంటే ఫోనైనా చెయ్యాలి, మనిషైనా నడవాలి. కొత్త బోర్డుతో ఆ బాధ పోయింది. వర్క్‌షాపు, కంట్రోల్ రూమ్, జెట్టీ మూడుచోట్లా తెరలు, మూడింటికీ ఒకే కేబులు. బెల్టుకొక గడి. ఎరుపంటే మనిషి పనిలో ఉన్నాడు, పసుపంటే సామాను రావాలి, పచ్చంటే నడపొచ్చు. ఒకచోట మార్చితే మిగతా రెండుచోట్లా అదే క్షణంలో మారేది. పొద్దుటి మీటింగులో 'నాకెవరూ చెప్పలేదు' అనే మాట నెల తిరిగేసరికి మాయమైంది. ఆ బోర్డు మంచిదని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

ఆ ఏడు ఆయుధపూజ నాడు పొద్దున్నే మూడో బెల్టు ఐడ్లర్ ఒకటి బిగిసిపోయింది. ఐడ్లర్ అంటే బెల్టును కింద మోసే రోలరు. పూజయ్యాక కొబ్బరికాయ కొట్టి ప్రతి బెల్టునూ ఒక్కసారి తిప్పడం మా దగ్గర ఆచారం. ఈలోపు బాగు చేద్దామని మల్కాపురం ఫిట్టరు సింహాచలాన్ని, బెల్టు వెంట ఎత్తున ఉండే నడకదారి, అదే గ్యాలరీ పైకి పంపి, గడి ఎర్రగా పెట్టాను. బెల్టుకు కరెంటు అందకుండా స్విచ్‌గదిలో ఫ్యూజులు పీకాకే ఎక్కాలని రూలు. అరగంట పనే కదా, ఎరుపుంది కదా అని పీకలేదు. అది నా తప్పు. దాచుకోను.

పసుపు కుంకుమలు పెడదామని తెర దగ్గరికి వెళ్లాను. కళ్లముందే మూడో గడి పచ్చబడింది. సింహాచలం ఇంకా దిగలేదు.

బయట మైకు సెట్టు హోరు. బెల్టు తిరిగే ముందు మోగే సైరను ఆ హోరులో పైనున్నవాడికి వినపడదు. ఫోను తియ్యలేదు, పరుగెత్తాను. గ్యాలరీ పొడవునా పుల్ కార్డ్ అనే తాడు ఉంటుంది. లాగితే బెల్టు ఆగిపోతుంది. నేను తాడు అందుకునేసరికే సైరను మోగుతోంది. లాగాను. బెల్టు కదల్లేదు.

సింహాచలం స్పానరు పట్టుకుని కిందికి తొంగిచూశాడు.

"ఏటి బావా, అలా రొప్పుతన్నావ్? పెసాదం అయిపోతాదనేటి?"

"ముందు దిగు. నువ్వు పైనుండగా బెల్టుకి బటను నొక్కేసినారు."

వాడు నవ్వబోయాడు, నా మొహం చూసి ఆపేశాడు. దిగి మెట్టు మీద కూర్చుండిపోయాడు. "నాను రోలర్ల మధ్యన సెయ్యెట్టి ఉన్నాను బావా," అన్నాడు.

కంట్రోల్ రూమ్‌కు వెళ్లాను. అక్కడి ఇంజినీరు చిన్నవాడు, పట్టుపంచె కట్టుకుని ఉన్నాడు.

"మూడో గడి ఎవరు తీశారు సార్?"

"నేనే, మేస్త్రిగారూ. పెద్దసారు హారతికి వస్తున్నారు, బోర్డు మీద ఎరుపుంటే బాగోదని. అయ్యాక మళ్లీ పెట్టేద్దామనుకున్నాను. నల్లబల్లను కూడా పూజకి కడిగేవారట కదా?"

"కడిగేవాళ్లం బాబూ. కడిగినా అది మా గదిలోనే ఉండేది. దాన్ని చూసి జెట్టీలో ఎవడూ కాయ కొట్టి బటను నొక్కేవాడు కాదు. ఇవాళ వాళ్ల పూజ ముందే అయిపోయింది, మీ పచ్చగడి చూసి నొక్కేశారు."

అతనికప్పుడు అర్థమైంది. అతని మీద నాకు కోపం లేదు. ఎవరైనా తీసెయ్యగలిగేలా ఆ గడిని తయారుచేసిన వాళ్ల మీదే కోపం.

ఎరుపు పెట్టినవాడే తియ్యాలి, ఫ్యూజులు పీకనిదే ఎరుపు పెట్టనివ్వకూడదు అని పైకి ఉత్తరం రాశాను. 'పరిశీలిస్తాం' అన్నారు. మళ్లీ రాశాను. కంప్యూటర్ సంగతి కంప్యూటర్ వాళ్లు చూసుకుంటారన్నారు. మూడోసారి ఇంగ్లీషులో రాసి, కింద సింహాచలం చేత సంతకం పెట్టించాను. రోలర్ల మధ్య పెట్టిన చేత్తోనే పెట్టాడని అందులో రాశాను.

మనుషుల్ని కలిపే బోర్డు ఎంత మంచిదైనా, అందులో ఒక అబద్ధం పెడితే అది కూడా అందరికీ ఒకేసారి చేరుతుంది. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది అదే. మరుసటి పూజ ఇంకా రాకముందే పెద్దసారు దగ్గర్నుంచి జవాబు వచ్చింది:

"మీరడిగిన రెండు మార్పులూ చేయించాము. పూజ రోజుకు కూడా మినహాయింపు లేదు. నిన్న మీరు పెట్టిన ఎర్రగడిని నేనే స్వయంగా తీయబోయి చూశాను. బోర్డు ఒప్పుకోలేదు."