షార్జా నుంచి గ్వాదర్‌కి గంట

మావారు షార్జా ఎడారిలో ఇంగ్లీషువాళ్ళ విమానాల స్టేషనులో గుమాస్తా ఉద్యోగమని చెప్పి వెళ్ళేనాటికి నాకు పందొమ్మిదేళ్ళు. ఏలూరులో మా నాన్నగారింట్లో ఉండేదాన్ని. నాన్నగారు బడిలో మేష్టరు.

ఉత్తరాలు మావారి స్నేహితుడు తెచ్చి ఇచ్చేవారు. ఆయనది రైల్వేలో పని. కరాచీ నుంచి ఆఫీసు టపా సంచిలో తన పేరిట వస్తాయనేవారు. ఆయన్ని అన్నయ్యగారూ అని పిలిచేదాన్ని; వచ్చినప్పుడల్లా కాఫీ ఇచ్చేదాన్ని. "ఇక్కడి సముద్రం మన కొల్లేరులాగే ఉంటుంది, ఒడ్డున కిక్కిస గడ్డి మాత్రం ఉండదు, అంతా ఇసకే" అని ఒకసారి మావారు రాశారు. ఆ ముక్క ఇరుగుపొరుగు ఆడవాళ్ళకి ఎన్నిసార్లు చదివి వినిపించానో!

ఇంకో ఉత్తరంలో, షార్జాలో పొద్దున్నే విమానం ఎక్కితే గంటలో గ్వాదర్‌లో దిగుతున్నానని రాశారు. ఆ ఊళ్ళు ఎక్కడున్నాయో చూడాలనిపించి, నాన్నగారి అట్లాసు తీసి, దారం పెట్టి కొలిచాను. నాలుగువందల మైళ్ళు దాటింది.

"నాన్నగారూ, విమానం గంటకి ఎన్ని మైళ్ళు పోతుందండీ?"

"నూరు పోతుందని పేపర్లో చదివాను. ఏం?"

చెప్పాను. ఆయన దారం తీసుకుని మళ్ళీ కొలిచారు. "తొందరలో రాసుంటాడులే అమ్మా" అన్నారు.

నేనూ అలాగే అనుకోవాలనుకున్నాను. అన్నయ్యగారి చేత ఉత్తరం పంపి అడిగాను. జవాబు నాలుగో రోజుకే వచ్చింది. గంట కాదు గంటన్నర, నీకెందుకీ లెక్కలు, అని ఉంది. అంత దూరానికి నా ఉత్తరం వెళ్ళి, జవాబు ఇంత త్వరగా ఎలా వచ్చింది?

"అన్నయ్యగారూ, నా మొహం చూసి చెప్పండి. ఆయన ఎక్కడున్నారు?"

ఆయన చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టారు. "గూడెంలోనే ఉన్నాడమ్మా. రైసుమిల్లులో."

మర్నాడు నాన్నగారూ నేనూ ప్యాసింజరెక్కి తాడేపల్లిగూడెంలో దిగాం. మిల్లు దగ్గర అడిగితే ఇల్లు చూపించారు. అరుగు మీద చంటిపిల్లనెత్తుకుని ఒకావిడ నిలబడి ఉంది. మావారు లోపల్నుంచి వచ్చి మమ్మల్ని చూసి ఆగిపోయారు.

"ఎవరండీ వీళ్ళు?" అందావిడ.

"ఏలూరు వాళ్ళు. తెలిసినవాళ్ళు" అన్నారాయన.

నాన్నగారు నా చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ పాపం మంచినీళ్ళు తెస్తానంటున్నా వినకుండా వచ్చేశాం. రైలు భీమడోలు దాటేదాకా ఏడవలేదు. ఇంకొకావిడ ఉన్నందుకు కాదు. ఉత్తరం వచ్చినప్పుడల్లా వీధి వీధంతా పిలిచి వినిపించినందుకు సిగ్గుతో ఏడ్చాను.

ఆ ఏడే నాన్నగారు నన్ను ట్రెయినింగు స్కూల్లో చేర్పించారు. తరవాత ముప్పయ్యేళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పాను. మావారు మళ్ళీ రాలేదు, నేనూ కబురు పెట్టలేదు.

అన్నయ్యగారు మాత్రం ఒకసారి వచ్చారు. "స్నేహితుడు బతిమాలితే కాదనలేకపోయానమ్మా" అన్నారు గుమ్మంలో నిలబడి. రెండేళ్ళు మా ఇంట్లో కాఫీ తాగుతూ, నేను ఉత్తరం చదువుతూంటే ఎదురుగా కూర్చుని విన్న మనిషి. నాన్నగారు కుర్చీ చూపించారు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళి, ఆయన వెళ్ళేదాకా బయటికి రాలేదు.