శాలువా కప్పించుకోని నేస్తం

పోయిన మంగళవారం పొద్దున మా డిగ్రీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఆ వార్త చూశాను. కాలేజీలో మూడేళ్లూ నా పక్కన కూర్చున్న నేస్తం నిద్రలోనే పోయింది. నేను ఇంకా మంచం దిగకముందే గ్రూపు నిండా దండాల బొమ్మలు. మా బ్యాచ్ అధ్యక్షుడు ఆమె ఫోటో చుట్టూ దీపాలు తిరిగే వీడియో పెట్టాడు. దాని కింద తన పేరు, హోదా. బతికుంటే ఆమె ఒకటే మాట అనేది: "నేను సచ్చినా గూడ నీ అడ్వర్టయిజ్‌మెంటేనా?"

పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. ఆమె గురించి మంచే రాస్తాను. మా గురించి రాయడం నా వల్ల కాదు.

రిటైరయ్యాక మా బ్యాచ్‌కు సేవ అనే జబ్బు పట్టుకుంది. అందరం ఒకే రంగు టీషర్టులు కుట్టించుకున్నాం. ఆరోగ్యం కోసమని ఖిలా వరంగల్‌కు నడక పెట్టుకుని, తోరణం ముందు ఫోటో దిగి, అక్కడి నుంచి టిఫిన్ సెంటర్ దాకా నడిచాం. మొక్కలు నాటాం, నీళ్లు పోయడానికి మాత్రం ఎవరం పోలేదు. ఒకరికొకరం శాలువాలు కప్పుకున్నాం. మా ఇంట్లో బీరువా అర నిండా అవే. వరంగల్ ఎండల్లో వాటిని ఏం చేసుకోవాలో నాకిప్పటికీ తెలియదు.

ఆమె సైన్సు టీచరుగా రిటైరైంది. ఆ తర్వాత రోజూ ఎనిమిదింటికల్లా పెద్ద దవాఖాన గేటు లోపల నిలబడేది. నర్సంపేట నుంచో, ధర్మసాగర్ నుంచో మొదటి బస్సుకు వచ్చినవాళ్లు చీటీ ఎక్కడ రాయించాలో, రక్తం ఎక్కడివ్వాలో తెలియక నిలబడిపోతే, వాళ్లకు దారి చూపించేది. అదే ఆమె పని. దానికి పేరు లేదు, బ్యానరు లేదు.

రెండేళ్ల కింద మేమంతా అక్కడికే అరటిపళ్లు పంచడానికి వెళ్లాం. అధ్యక్షుడు ఒక ముసలాయన చేతిలో పండు పెట్టాడు. ఫోటోలో తన కళ్లు మూసుకుపోయాయట. "తాతా, జర మళ్లొక్కసారి" అంటూ పండు వెనక్కి తీసుకుని మళ్లీ ఇచ్చాడు. మూడోసారికి ఆ ముసలాయన అడగకముందే తానే పండు వెనక్కి చాచాడు. పక్కన పళ్లగంప పట్టుకుని పళ్లికిలించి నిలబడ్డది నేనే.

ఆమె ఎటు నుంచి వచ్చిందో గాని, పండు లాక్కుంది.

"తాతకు స్కానింగున్నది. ఏం తినొద్దన్నరు. ఇచ్చేముందు అడిగిన్రా?"

"తెల్వక ఇచ్చినం మేడం. సేవనే గదా" అన్నాడు అధ్యక్షుడు.

"గీ సేవ నీ మొఖానికి చేస్కుంటున్నవు, ఆయనకు గాదు." నా వైపు తిరిగింది. "నువ్వు గూడనానే?"

అంతే. ముసలాయన రెక్క పట్టుకుని వెళ్లిపోయింది.

వారం రోజులు ఆమెను తిట్టుకున్నాను. కోపం తగ్గేసరికి సిగ్గు ఒక్కటే మిగిలింది. సోమవారం పొద్దున వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాను. నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"టీషర్టు ఏస్కరాలేదా? మంచిది. రేపటి సంది మెత్తటి చెప్పులేస్కో. ఇయ్యి ఆగయి."

మొదటిరోజే ఒకామెను తప్పు వార్డుకు పంపాను. ఆమె గంటసేపు తిరిగి తిరిగి వచ్చింది. నేస్తం నన్ను ఓదార్చలేదు. "తెల్వకపోతే తెల్వదని చెప్పు. తప్పుడు తొవ్వ చూపియ్యకు" అంది. దారి చూపించాక, ఆ మనిషి చేతే మళ్లీ చెప్పించేది. ఎందుకని అడిగితే, "రేపు ఒక్కతే రావాలె గదనే" అంది. బడిలో పాఠం అప్పజెప్పించుకున్నట్టే.

ఆమెను సన్మానిస్తామని బ్యాచ్ వాళ్లు ఫోన్ చేస్తే, "పొద్దుగాల పదింటికి ఓపీ లైనెంత ఉంటదో ఎరుకేనా? శాలువా వద్దు, మీరే రాండ్రి" అంది. ఒక్కరు కూడా రాలేదు.

మొన్న ఆదివారం హన్మకొండలో సంతాప సభ పెట్టారు. ఫ్లెక్సీలో ఆమె కంటే అధ్యక్షుడే పెద్దగా ఉన్నాడు. మా బ్యాచ్ స్ఫూర్తితోనే ఆమె సేవ చేసిందని సిగ్గు లేకుండా చెప్పాడు. చివరికి ఆమె ఫోటోకు శాలువా కప్పారు. ఇక వద్దనే నోరు లేదు కదా.

నేను లేచి మైకు అడిగి తీసుకున్నాను. "రేపు ఎనిమిదింటికి దవాఖాన గేటు కాడికి ఎవరొస్తరు?"

ముందు వరుసలో ఒకాయన ఫోను చూసుకున్నాడు. ఒకావిడకు మోకాళ్లు గుర్తొచ్చాయి. "మంచి ఆలోచన. కమిటీ ఏద్దాం" అన్నాడు అధ్యక్షుడు. భోజనాలు మొదలయ్యాయి. నేను తినకుండా వచ్చేశాను.

సోమవారం ఒక్కదాన్నే వెళ్లాను. గేటు దగ్గర ఒక పల్లెటూరి ఆమె చీటీ పట్టుకుని దిక్కులు చూస్తోంది.

"టీచరమ్మ ఏది?"

"లేదమ్మా. పోయింది. నాతోని రా, నేను చూపిస్త."

ఆమె చీటీ మడిచి రొంటిన దోపుకుంది. తర్వాత, జనంలో తప్పిపోతాననేమో, నా కొంగు పట్టుకుంది. పది అడుగులు వేసి వెనక్కి చూస్తే, ఇంకెవరో ముసలామె ఆమె కొంగు పట్టుకుని వస్తోంది. ఆ ముసలామె కొంగు పట్టుకుని మరొకామె.