సాయంత్రం డ్యూటీ

దోహాలో చిన్న దుకాణాలను ఇప్పటికీ మధ్యాహ్నం మూసేస్తారు. అల్ తుమామాలో మా ఇంటి కింద ఉన్న కిరాణా కొట్టతను ఎండ నడినెత్తికి రాగానే షట్టరును ఒక్క ఊపున కిందికి లాగుతాడు. ఆ ఇనుప చప్పుడు వీధి చివరిదాకా దొర్లుతుంది. అది విన్నప్పుడల్లా నాకు తొంభైల నాటి ఒక చిన్న ప్రైవేటు క్లినిక్కు, అక్కడ మా ల్యాబు బాధ్యత చూసిన శకుంతల మేడమ్ గుర్తొస్తారు. అప్పట్లో ఊరంతా అదే పద్ధతి. పొద్దున ఒక డ్యూటీ, ఎండవేళ విరామం, మళ్ళీ సాయంత్రం ఇంకో డ్యూటీ. మా కాంట్రాక్టులలో కూడా రెండు పూటల పని, రెండు పూటలకూ కలిపి జీతం అని స్పష్టంగా రాసి ఉండేది.

నేను తెనాలి నుంచి పెళ్ళయిన కొత్తలో వచ్చాను. మా ఆయన ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. మేడమ్‌ది వరంగల్. భర్త ఆరోగ్యం పాడై ఇంటిపట్టునే ఉండేవారు, పిల్లలు అక్కడే చదువుకునేవారు. ఆవిడ ఇక్కడ క్లినిక్కు వాళ్ళ వీసా మీద, క్లినిక్కు వాళ్ళ గదిలో ఒంటరిగా ఉండేది. పొడుగు మనిషి, తెల్ల కోటు గుండీలన్నీ పెట్టుకునేది, నవ్వడం తక్కువ. నేను ఆ ల్యాబులో చేరిన కొత్తలో, ఏదో భవనం కట్టే సైటు నుంచి వచ్చిన ఒకతను సూది చూసి చెయ్యి వెనక్కి లాగేసుకుంటుంటే నేను విసుక్కున్నాను. మేడమ్ నన్ను పక్కకు జరిపి అతని ముందు కూర్చుంది.

"ఏ ఊరు తమ్ముడూ?"

"జగిత్యాల దిక్కు, మేడమ్."

"వానలు పడ్డయా మీ దిక్కు?"

అతను వానల గురించి, ఎండిపోయిన బావి గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఆ మాటల్లోనే రక్తం తీయడం అయిపోయింది. అతను వెళ్ళాక నాతో, "ముందు మనిషిని చూడు రాధా, నరం తర్వాత దొరుకుతది" అంది. నాకు పని నేర్పింది చాలామందే గాని, రక్తం ఇచ్చే మనిషిని చూడడం నేర్పింది మాత్రం ఆవిడే.

కొంతకాలానికి క్లినిక్కుకు కొత్త మేనేజరు వచ్చాడు. పేషెంట్లు తగ్గారన్నాడు. సాయంత్రం ల్యాబు, ఎక్స్‌రే మూసేస్తున్నామని, రిసెప్షన్‌లోనూ మనుషుల్ని తగ్గిస్తున్నామని, ఇకనుంచి మాకు పొద్దుటి పూట పని, సగం జీతమేనని చెప్పి, ఒప్పుకుంటున్నట్టు సంతకాలు పెట్టమన్నాడు. నాతో, "మీ ఆయన సంపాదిస్తున్నాడుగా, నీకేం లోటు?" అని హిందీలో నవ్వుతూ అన్నాడు. రిసెప్షన్‌లో ఇద్దరూ, ఎక్స్‌రే అతనూ అక్కడికక్కడే పెట్టేశారు. నేను ఇంట్లో అడిగి చెబుతానన్నాను. మేడమ్ పెన్ను ముట్టలేదు.

"పని లేకపోతే నేను దేనికి జీతమివ్వాలి?" అన్నాడతను.

"పని చూపించుడు మీ వంతు. వచ్చి చేసుడు నా వంతు. నా వంతుకు నేనొస్త" అని మొదట తెలుగులో అనేసి, అతను బిత్తరపోయి చూస్తుంటే అదే మాట హిందీలో నెమ్మదిగా చెప్పింది.

అన్నట్టే ఆ సాయంత్రం వచ్చింది. ల్యాబుకు తాళం. తెల్ల కోటు వేసుకుని, పేషెంట్లు కూర్చునే బెంచీ మీద కూర్చుంది. డ్యూటీ ముగిసే వేళదాకా అలాగే ఉండి వెళ్ళింది. మర్నాడూ అంతే. ఆవిడ కూర్చుందన్న మాట విని నాకు నిద్ర పట్టలేదు. మా ఆయన, "గొడవ పెట్టుకుంటే ఉన్నది కూడా పోతుంది" అన్నాడు. అందులోనూ అబద్ధం లేదు. ఇద్దరి జీతాలూ కలిస్తేనే మా ఇంటి అద్దె తీరేది.

"నన్నేం చెయ్యమంటారు మేడమ్?" అని అడిగాను.

"నేను రమ్మనను బిడ్డా. నీ సంతకం నీది. కాని భయంతోని పెట్టకు. ఆలోచించి పెట్టాలనిపిస్తే పెట్టు."

ఆ సాయంత్రం నేనూ వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. మొదటి రోజు సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. వచ్చేపోయేవాళ్ళంతా మమ్మల్నే చూస్తున్నట్టుండేది. మేడమ్ మాత్రం బస్సు కోసం ఎదురుచూస్తున్నంత మామూలుగా కూర్చునేది. అలా కూర్చున్నప్పుడే ఒక సంగతి కళ్ళబడింది. సైట్లలో పనిచేసేవాళ్ళు వచ్చేది సాయంత్రమే. ల్యాబు లేదని వాళ్ళను పంపేస్తున్నారు. ఒకరోజు జ్వరంతో వణికిపోతున్న ఒకతన్ని తోటివాళ్ళు పట్టుకొచ్చారు. డాక్టరు వెంటనే రక్తం చూడాలన్నాడు. మేనేజరు తాళం తీయక తప్పలేదు. మేడమ్ స్లైడ్ చూసి మలేరియా అని తేల్చింది.

పని అయ్యాక మేనేజరు, "మీ సేవకు చాలా థ్యాంక్స్" అన్నాడు.

"సేవ కాదు. డ్యూటీ. హాజరు వెయ్యండి" అంది మేడమ్.

నెలాఖరుకు మా ఇద్దరికీ సగం జీతమే ఇచ్చాడు. ఇద్దరం కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్ళాం. అక్కడి అధికారి మేనేజరును కూడా పిలిపించాడు. దుబాసీ ద్వారా మమ్మల్ని అడిగింది రెండే ప్రశ్నలు. మార్పుకు ఒప్పుకున్నారా? పనికి రావడం మానేశారా? రెండింటికీ లేదన్నాం. ఆ మాట మేనేజరు కాదనలేకపోయాడు. సాయంత్రాలు మేము అందరి కళ్ళ ముందే కూర్చున్నాం కదా. ఒప్పందాన్ని ఒకరే మార్చలేరని, అది ముగిసేదాకా పూర్తి జీతం ఇవ్వాలని అధికారి తేల్చాడు. బయటికొచ్చాక నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. మేడమ్ ముఖంలో సంతోషం కనిపించలేదు. "సంతకం పెట్టినోళ్ళకు ఏం రాదు గద" అంది. వాళ్ళ గురించి కూడా అడిగి చూసిందట. ఒప్పుకున్నాక చేసేదేం లేదన్నారట.

సాయంత్రం ల్యాబు మళ్ళీ తెరిచారు. కాని మేడమ్ కాంట్రాక్టు ముగిశాక దాన్ని పొడిగించలేదు. నన్ను ఉంచారు, ఆవిడను పంపించారు. వెళ్ళే రోజున కూడా గాజుసామాను తనే కడిగి బోర్లించింది. నేను ఉండబట్టలేక, "మీరు ఊరుకుని ఉంటే ఉద్యోగం మిగిలేదేమో మేడమ్" అన్నాను.

"మిగిలేదేమో. ఇంకో ఆర్నెల్లకు ఇంకో గంట కోసేటోళ్ళు. అప్పుడు అడుగుదామంటే నాకు నోరు లేచేదా?" అంది. తర్వాత చేతులు తుడుచుకుంటూ, "మా ఆయన మంచిగ లేడు. ఎట్లయినా పోవాలె. గట్లని వాళ్ళు చేసింది మంచి అయిపోదు" అంది. ఆ గొంతులో ఏడుపు ఉందో లేదో నాకిప్పటికీ తెలియదు. ఊరికి వెళ్ళాక కొన్నాళ్ళు ఉత్తరాలు రాసింది, హన్మకొండలో ఒక ల్యాబులో చేరానని. తర్వాత అవీ ఆగిపోయాయి.

ఇప్పుడు నేనే ఒక ల్యాబుకు పెద్దను. ఈమధ్య మా యాజమాన్యం ఇద్దరు అమ్మాయిల పనిగంటలు తగ్గించాలని, వాళ్ళ చేత సంతకాలు నన్నే పెట్టించమని చెప్పింది. ఆ పని నేను చెయ్యనని చెప్పి వచ్చాను. శకుంతల మేడమ్‌కున్న నిబ్బరం నాకు రాలేదు, ఇక రాదు కూడా. తిరిగి వచ్చేసరికి వాళ్ళలో చిన్నది, నేపాలీ పిల్ల, కారిడార్‌లో నిలబడి ఉంది.

"ఏం చెయ్యను మేడమ్?" అని అడిగింది.

"ఇవాళ ఏదీ సంతకం పెట్టకు. రేపు నీ వేళకు నువ్వు డ్యూటీకి రా" అన్నాను. "నేనూ ఉంటాను."