పాల క్యానులో పెట్రోలు: కార్వాన్ నుంచి అమ్రాబాద్ అడవి దాకా

అమ్రాబాద్ అడవి వైపు మోటారు సైకిల్ మీద పోవచ్చా అని ఈ నెలలో ముగ్గురు నన్ను అడిగారు. పోవచ్చు. నేను పోయాను. మళ్ళీ పొమ్మంటే మాత్రం పోను. యుద్ధం మొదలైన దగ్గర్నుంచి పెట్రోలు కూపన్ల మీద తప్ప దొరకడం లేదు కనుక, ఇంటి నుంచి ఎంత తీసుకుపోతే అంతే మీ ప్రయాణం. ఆ లెక్క నాకు బాగా తెలుసుననే ధీమాతో బయలుదేరాను. నా పేరు యాదగిరి. కార్వాన్‌లో మాది పాల వ్యాపారం. నేను మాత్రం ఒక మోటారు కార్ఖానాలో ఫిట్టరుగా పనిచేస్తాను. నా బండి ఒక దొర వాడి వాడి వదిలేసిన విలాయతీ బండి, నాకంటే ఎక్కువ దగ్గుతుంది.

పట్నంలో గడ్డి కరువై, మా అన్న నర్సింహ మా ఎనిమిది బర్రెలనూ అడవి మేతకు తోలుకుపోయాడు. మేతకు పుల్లరి పన్ను కట్టిన రసీదు ఒకటి అన్న దగ్గర ఉండేది. దాన్ని ఒక దూడ నమిలేసింది. నవ్వకండి, అప్పుడు మేమెవరమూ నవ్వలేదు. రసీదు చూపలేదని అడవి కాచే జంగ్లాత్ వాళ్ళు బర్రెలను బందెలదొడ్డికి తోలారు. పదిహేను రోజుల్లో కాగితం చూపకపోతే హర్రాజు, అంటే వేలం పాట. అన్న పంపిన కబురు చేరేసరికే తొమ్మిది రోజులు గడిచాయి. పట్నంలోని జంగ్లాత్ దఫ్తరు చుట్టూ తిరిగి తిరిగి రసీదు నకలు సంపాదించేసరికి పద్నాలుగో రోజు సాయంత్రమైంది. మరునాడు మధ్యాహ్నం హర్రాజు. బొగ్గుతో నడిచే బస్సు వారానికి మూడుసార్లే పోతుంది, అదీ పొద్దుగూకితే గాని చేరదు. ఆ ఎనిమిది బర్రెలే మా ఇంటి కూడు. వాటిలో సుక్క అనే చూలుబర్రెను, తల్లి చనిపోతే మా అవ్వ గుడ్డ ముంచి పాలు తాపి పెంచింది. అవ్వ అంటే మా అమ్మ, మేమలాగే పిలుస్తాం.

ఇక లెక్క. ఇల్లు వదిలి బందెలదొడ్డి ఉన్న ఊరు చేరడానికి తొంభై మైళ్ళు, రానూ పోనూ నూట ఎనభై. నా బండి నున్నటి రోడ్డు మీద గ్యాలనుకు అరవై మైళ్ళు నడుస్తుంది, మొరం రోడ్డు మీద యాభై దాటదు. టాంకీలో గ్యాలనున్నర పడుతుంది. నా కూపన్లకు దోస్తు దగ్గర బదులడిగినవి కలిపితే మొత్తం మూడు గ్యాలన్లు. దిగుడు వచ్చిన చోటల్లా ఇంజను ఆపి దొర్లించుకుంటూ పోతే నూట అరవై దాకా లాగవచ్చు. మిగిలిన ఇరవై మైళ్ళ సంగతి తిరుగుదారిలో చూసుకుందామనుకున్నాను. రేకు డబ్బాలన్నీ యుద్ధానికి పోయాయి, బజారులో ఒక్కటీ దొరకలేదు. మూత బిగువుగా ఉంటుందని మా పాల క్యానునే అడిగాను. అవ్వ దాన్ని బూడిదతో తోమి, మూత పెట్టి, తెల్లవారుజామున ఐదింటికి నా చేతికిచ్చింది.

"సుక్కను ముందుగాల ఇడిపియ్యి బిడ్డా. గది ఈనే దినాలు," అంది.

పురానాపూల్ దాటి హుస్సేనీ ఆలం మీదుగా వచ్చేసరికి దుకాణాలింకా తెరవలేదు. పెట్రోలు పంపు ఆరింటికి తెరిచారు. పంపు మీద ఉండే భాయ్ నాకు ఎరుకే. టాంకీ నింపి, క్యాను మూత తీసి గొట్టం పెట్టాడు. నేను కూపన్లు లెక్కపెడుతూ నిలబడ్డాను.

"దూద్ కే డబ్బే మే పెట్రోల్! కహాఁ జారే యాదగిరి?" అని, పాల డబ్బాలో పెట్రోలు చూసి నవ్వాడు.

"అమ్రాబాద్ భాయ్. బర్రెలను ఇడిపియ్యాలె."

"ఖుదా హాఫిజ్. ఆహిస్తా జావో," అని మెల్లగా పొమ్మన్నాడు.

చాంద్రాయణగుట్ట దాటి కందుకూరు దాకా రోడ్డు బాగానే ఉంది. అక్కడి నుంచి మొరం, మొరం మీద కంకర, కంకర మీద దుమ్ము. కడ్తాల్‌లో ఆగి ఒక అణాకు చాయ్, రెండు రొట్టెలు తిన్నాను. అప్పటికే నడుము పట్టేసింది. టాంకీలో ముంచి చూడడానికి నా దగ్గర ఒక వెదురు పుల్ల ఉంటుంది. పది మైళ్ళకొక గాటు చొప్పున ఎనిమిది గాట్లు పెట్టుకున్నాను. ఇలాంటి పుల్ల మీరూ చేసుకోండి, కంటితో చూసి అంచనా వేసేవాడు అడవిలో నడిచి వస్తాడు. కల్వకుర్తి దగ్గర ముంచితే పుల్ల రెండున్నర గాట్ల దాకా తడిసింది. అనుకున్నదానికి సరిగ్గానే ఉంది. అక్కడ పెట్రోలు అడగడం దండుగ, మన పట్నం కూపన్లు అక్కడ చెల్లవు.

డిండి వాగు ఇంకా కొద్ది దూరముందనగా, అరవై ఎనిమిదో మైలు దగ్గర పుల్ల చివరి గాటు కూడా సగమే తడిసింది. తొమ్మిదింబావు అయింది. బండి ఆపి క్యానులోనిదంతా టాంకీలో పోసి, నా తెలివికి నేనే మురిసిపోయి, బీడీ కూడా కాల్చకుండా బయలుదేరాను. రెండు ఫర్లాంగులు పోయానో లేదో, బండి రెండుసార్లు తుమ్మి ఆగిపోయింది.

నేను ఫిట్టరును కదా, అదే నాకు చేటు తెచ్చింది. ప్లగ్గు విప్పాను, తుడిచాను, బిగించాను. తీగలు చూశాను. గొలుసు కూడా చూశాను, దాంతో పనేమిటో నాకే తెలియదు. చివరికి కార్బొరేటర్ గిన్నె విప్పితే అడుగున నీటి బొట్లు. పంపు భాయ్ నీళ్ళు కలిపి అమ్మాడని ఒళ్ళు మండిపోయింది. గిన్నె తుడిచి తన్నితే బండి ఒక ఫర్లాంగు నడిచి మళ్ళీ ఆగింది. మళ్ళీ తుడిచాను, మళ్ళీ ఆగింది. ఐదోసారి కోపం పట్టలేక, నీళ్ళన్నీ పోయేదాకా పోనీ అని టాంకీ కింది కుళాయి తెరిచి నేల మీదికి వదిలేశాను. ఎండిన మట్టి బంగారం లాంటి పెట్రోలును గుటగుటా తాగేసింది. తేరుకుని కట్టేసేసరికి సగం దాకా పోయింది. నా జన్మలో నన్ను నేను అంతగా తిట్టుకున్న రోజు లేదు.

ఇంకోసారి గిన్నె విప్పి, ఈసారి నీటి బొట్టును అరచేతిలో వేసుకుని చూశాను. తేటగా లేదు. పలచని చల్లలా తెల్లగా ఉంది. అప్పుడు కూలబడిపోయాను. మా ఇళ్ళలో పాల క్యాను ఎప్పుడూ పొడిగా గడప దాటదు. పొడి క్యానులో పోస్తే పాలు అడుగున అంటుకుంటాయని, తోమిన తర్వాత నీళ్ళు పోసి తిప్పి, పాల జిడ్డుతో తెల్లబడిన చేరెడు నీళ్ళు అడుగున ఉంచి మూత పెడతారు. పాలు పోసేవాడే వాటిని వంపేసి పోస్తాడు. అవ్వ యాభై ఏళ్ళుగా చేస్తున్న పనే ఆ పొద్దునా చేసింది. వంపాల్సినవాణ్ణి నేను. నేనేమో కూపన్లు లెక్కపెడుతున్నాను. పంపు భాయ్‌ని తిట్టిన తిట్లన్నీ మనసులోనే వెనక్కి తీసుకున్నాను.

టాంకీని క్యానులోకి వంపి, తెల్లటి చారలు కనిపిస్తుంటే క్యానును అటూ ఇటూ కుదుపుతూ చూస్తున్నాను. నెత్తిన పెరుగు కుండతో వస్తున్న ఒక పెద్దామె నన్ను చూసి ఆగింది.

"ఏంది బిడ్డా, గంత సేపటిసంది గీడనే ఉన్నవ్? నేను పొయ్యేటప్పుడు సుత గీడనే ఉంటివి."

"పెట్రోల్ల నీళ్లు కలిసినయ్ పెద్దమ్మా."

"కలిస్తె గట్ల ఊపుతవేంది? నీడకు కదలకుంట పెట్టు. నీళ్లు అడుక్కు పోతయి, మీది మీదిది ముంచుకో. మీరేమిటోళ్లు?"

"పాలోళ్లం."

ఆమె కుండ దించి మరీ నవ్వింది. "పాలోళ్ల పిలగానికి మీగడ తీసుడు నేను చెప్పాల్నా!"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె పెరుగు కొలిచే కొబ్బరి చిప్ప ఇచ్చింది, పక్కనే కూర్చుని నాకింత పెరుగూ పోసింది. గంట సేపు ఆ క్యానును తాకకుండా కూర్చోవడం బండి తోలడం కంటే కష్టం. సూర్యుడు నెత్తి మీదికి వస్తున్నాడు. తర్వాత పైపైన ముంచి, గుడ్డలో వడగట్టి టాంకీలో పోశాను. అడుగున మసకగా ఉన్నది ముట్టుకోలేదు. చిప్ప తిరిగి ఇవ్వబోతే ఆమె ముక్కు మూసుకుంది.

"కంపు! ఇంక పెరుగుకు పనికిరాది. నువ్వే పెట్టుకో, పో."

పన్నెండున్నర. పుల్ల ముంచితే మూడు గాట్లు, అంటే ముప్పై మైళ్ళు. ముందుకు ఇరవై రెండు, వెనక్కి కల్వకుర్తికి పదహారు. వెనక్కి పోతే బండితో సహా ఏదో ఒక విధంగా ఇల్లు చేరతాను. ముందుకు పోతే తిరిగొచ్చే దారి లేదు. నిజం చెబుతున్నాను, ఒళ్ళు ఎంత అలసిపోయిందంటే వెనక్కి పోదామనే అనిపించింది. జేబులో రుమాలులో చుట్టిన రసీదు నకలు చేతికి మెత్తగా తగిలింది. ముందుకే తిప్పాను.

ఆ ఊరు చేరేసరికి రెండింటికి పావు తక్కువ. బందెలదొడ్డి ముందు జనం, మధ్యలో బల్ల వేసుకుని గుమాస్తా. బండి స్టాండు కూడా వెయ్యకుండా పడేసి రసీదు ముందు పెట్టాను. ఆయన నిదానంగా చదివి, అప్పుడే హర్రాజుకు తెచ్చిన మూడో బర్రె తాడు వదిలేయమన్నాడు.

"ఏక్ ఘంటా పహ్లే ఆనా థా మియా," అన్నాడు, గంట ముందు రావాల్సిందని. గొంతులో కోపమేమీ లేదు.

అన్న దొడ్డి గోడ నీడన కూర్చుని ఉన్నాడు. పదిహేను రోజుల గడ్డం, కళ్ళు లోతుకు పోయాయి.

"ఎన్ని వోయినయ్ అన్నా?"

"రెండు. అన్నిట్లకెల్ల మంచిదని సుక్కనే ముందుగాల అమ్మిండ్రు. కొన్నోడు ఎటు తోలుకపోయిండో ఎరుక లేదు. పొద్దుగాల్నే ఎల్లినవ్ గద, గింత సేపేందిరా?"

"పెట్రోల్ల నీళ్లు కలిసినయ్."

"అమ్మినోడు కలిపిండా?"

నేను క్యాను వైపు చూశాను. అన్న లేచి బండికి కట్టిన క్యాను మూత తీశాడు. లోపలికి చెయ్యి పెట్టి, వేళ్ళు రుద్దుకుని, వాసన చూశాడు. పాలవాడికి ఇంకేమీ చెప్పనక్కరలేదు. మూత మళ్ళీ బిగించాడు.

"అవ్వకు చెప్పకు," అన్నాడు. "పంచరైందను."

బండిని బొగ్గు బస్తాలు తోలే ఎడ్లబండి మీద కట్టించి, మేమిద్దరం ఆరు బర్రెల వెంట నడిచాము. ఏడు రోజులు పట్టింది. ఆ ఏడు రోజుల గురించి ప్రయాణికులకు చెప్పదగ్గది ఏమీ లేదు, కాళ్ళు బొబ్బలెక్కడం తప్ప. ఇంటి ముందు అవ్వ ఒక్కొక్క బర్రె నుదురు తడుముతూ లోపలికి తోలింది. ఆరో దాని వెనక ఇంకేదీ రాకపోయేసరికి నా వైపు చూసింది.

"సుక్కేదిరా?"

"హర్రాజుల పోయింది అవ్వా. నేను పొయ్యేవరకే అమ్మిండ్రు. తొవ్వల పంచరైంది."

"గా ఫట్‌ఫటి పాడుగాను! నమ్మకుమని ఎన్నిసార్లు మొత్తుకున్న!" అని బండిని, దాన్ని చేసిన దొరలను, రోడ్డును, యుద్ధాన్ని కలిపి తిట్టింది. నన్ను మాత్రం తిట్టలేదు. కాళ్ళకు నీళ్ళిచ్చి, నూనె వెచ్చజేసి తెచ్చి, తానే బొబ్బలకు రాసింది. రాస్తూ రాస్తూ కొంగు కళ్ళకు అద్దుకుంది. ఆ రోజు నోటి దాకా వచ్చిన మాటను మింగడం కంటే ఏడు రోజుల నడకే తేలిక.

ఈ ప్రయాణం తర్వాత నాకొకటి అర్థమైంది. దారి ఎంత, పెట్రోలు ఎంత అని మైళ్ళూ గాట్లూ ఎంతైనా లెక్క పెట్టుకోవచ్చు గాని, ఇంట్లోవాళ్ళు ప్రేమతో చేసే పని ఆ లెక్కలో ఎక్కడా కనిపించదు. ఆ దారిన పోయేవారికి నేను చెప్పగలిగే సలహా ఒక్కటే. పెట్రోలు పోయించుకునే డబ్బాను మీరే కడుక్కోండి, ఒక పూటంతా ఎండలో బోర్లించండి, పోయించే ముందు మూత తీసి లోపల చెయ్యి పెట్టి చూడండి. మా అవ్వకు చదువు రాదు కనుకనే ఇదంతా రాయగలిగాను. చదివినవారెవరైనా కార్వాన్ వైపు వచ్చి మా ఇంట్లో పాలు పోయించుకుంటే, ఆ రోజు బండికి పంక్చరే అయిందని చెప్పండి.