వాన్‌లో సరోజన వ్యాను

సరోజన యాభై రెండో ఏట డ్రైవింగ్ నేర్చుకుంది. మూడుసార్లు రోడ్ టెస్ట్ తప్పి, నాలుగోసారి పాసై, ఆ పార్కింగ్ లాట్‌లోనే ఏడ్చేసింది. అంతకుముందు ఎక్కడికి వెళ్ళాలన్నా చెప్పులేసుకుని, భర్త రామ్మోహన్‌కు ఎప్పుడు తీరికవుతుందా అని కూర్చునేది. ఈ ఆరేళ్ళుగా తాముండే వాన్ ఊళ్ళో తను పనిచేసే గోడౌన్‌కీ, దగ్గర్లోని మార్కమ్ ఊళ్ళో స్నేహితురాళ్ళ ఇళ్ళకీ తన వ్యానులో తనే వెళుతోంది. వాన్‌లో వ్యానేమిటని రామ్మోహన్ వెక్కిరిస్తాడు. ఆవిడకు ఆ బండే కాళ్ళు.

ఈ ఏప్రిల్‌లో ఆ వ్యానుకు గండం వచ్చిపడింది. కొత్తగా రిటైరైన రామ్మోహన్ ఊరికే కూర్చోలేక, మడతపెట్టే చిన్న క్యాంపింగ్ ట్రైలర్ కొన్నాడు. కూతురు అమృత కుటుంబంతో కలిసి సరస్సు ఒడ్డున నాలుగు రోజులు గడపాలని సరదా. ట్రైలర్ చూడటానికి వచ్చిన స్నేహితుడు త్యాగరాజుగారు తల అడ్డంగా ఊపారు.

"దీన్ని లాగాలంటే ట్రక్కే ఉండాలండీ. వ్యాన్ సగం దారిలో చేతులెత్తేస్తుంది."

ఆయనకు పెద్ద పికప్ ట్రక్కు ఉంది. అది ఇప్పటిదాకా మోసినవి కూరగాయల సంచులే.

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, వ్యానును ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చి ట్రక్కు తెచ్చుకునే ఏర్పాటు జరిగిపోయింది. శనివారం డెలివరీ. షోరూములో సరోజన ఎక్కి చూడబోతే సేల్స్‌మన్ స్టూలు తెచ్చి వేశాడు. సీట్లో కూర్చుంటే బానెట్ తప్ప రోడ్డు కనబడలేదు. మొగుడి మొహంలో సంబరం చూసి నోరు మెదపలేకపోయింది.

గురువారం సాయంత్రం బల్ల మీద ఆయన వేసిన లెక్క కనబడింది. వ్యాను లాగగలిగేది రెండువేల పౌండ్లు. ఖాళీ ట్రైలర్ పదమూడు వందలు, నీళ్ళూ గ్యాసూ రెండు వందలు, సామాను ఆరు వందలు. వెరసి వంద ఎక్కువ.

"ఏవండీ, సామాను ఆరొందలెలా వచ్చింది?"

"ఆరుగురం కదా. మనిషికి రెండు పెట్టెలు, పెట్టెకి ఇరవై మూడు కిలోలు."

సరోజన ఆయన వంక అలాగే చూసింది. "మనం వెళ్ళేది హైదరాబాద్ కాదండీ. అమృత వాళ్ళు నలుగురూ వాళ్ళ సామానుతో వాళ్ళ కార్లో వస్తున్నారు."

ముప్పై ఏళ్ళు వంతెనల బరువులు లెక్కగట్టిన ఇంజనీరాయన. ప్రయాణం అనేసరికి చెయ్యి దానంతటదే విమానం లెక్క ఇరవై మూడు రాసేసింది.

ఇండియా ప్రయాణాలకు పెట్టెలు తూచే కొక్కెం కాటా తెచ్చింది సరోజన. తూకాలు ఆవిడకు గోడౌన్‌లో రోజూ ఉండే పనే. బియ్యం, కుక్కర్, దుప్పట్లు, ఆవకాయ సీసా ఒక్కొక్కటీ వేలాడదీసి చెబుతుంటే ఆయన రాసుకున్నాడు. గ్రైండర్ దగ్గర ఆగింది.

"ఇదెందుకండీ?"

"పొద్దున్నే ఇడ్లీ వద్దా?"

"పిండి రుబ్బి పట్టుకెళ్దాం. ఇది ఇంట్లోనే ఉంటుంది."

మొత్తం అరవై రెండు కిలోలు, అంటే నూట ముప్పై ఏడు పౌండ్లు. ట్రైలర్‌తో, నీళ్ళూ గ్యాసుతో కలిపినా పదహారు వందల చిల్లరే, వ్యానుకు అదో బరువే కాదు. దీనికి ట్రక్కంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

రామ్మోహన్ కాగితాన్ని రెండుసార్లు చూశాడు. "అయినా ట్రక్కుంటే ధైర్యంగా ఉంటుంది."

"మీకు ధైర్యం. నాకందులో కాలందదు, రోడ్డు కనబడదు. అదొస్తే నేను మళ్ళీ చెప్పులేసుకుని మీకోసం కూర్చోవాలి. నాకు భయంగా ఉందండీ."

ఆయన కాగితం పక్కన పెట్టాడు. "షోరూములోనే చెప్పొచ్చుగా, సరోజనా."

"మీ సరదా చూసి నోరు రాలేదు."

ఆయన లేచి షోరూముకు ఫోన్ చేసి డెలివరీ వద్దన్నాడు. మర్నాడు మెకానిక్ దగ్గర వ్యానుకు ట్రైలర్ తగిలించే కొక్కెం పెట్టించాడు.

జూన్‌లో బయలుదేరిన పొద్దున సరోజనే డ్రైవింగ్ సీట్లో కూర్చుంది. ఆవిడ నడుపుతుంటే పక్కన కూర్చుని, లేని బ్రేకును కాలితో తొక్కుతూ ఉండటం రామ్మోహన్‌కు అలవాటు. హైవే ఎక్కేదాకా తొక్కుతూనే ఉన్నాడు. బారీ ఊరు దగ్గర పడుతుండగా ఆ కాలి చప్పుడు లేకపోతే సరోజన పక్కకు చూసింది. వెనక ట్రైలర్ బుద్ధిగా వస్తోంది. రామ్మోహన్ నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.